స్లాగు

పాత బోర్డు దించితే
వెనకాల దాక్కున్న రెండు పిచిక గూళ్లూ
ఇరవై ఆరేళ్ల తుప్పూ నా నెత్తిన రాలాయి.
కంచరపాలెం గాలికి ఇనుము
ఉల్లిపొరలా ఊడుతుంది.
ఈ ఊళ్లో ఎవరికీ కొత్త సంగతి కాదు.

కొత్త బోర్డుకి చట్రం నన్నే కట్టమన్నారు.
పారిశ్రామిక శిక్షణ కేంద్రం అన్న పేరు
కిందకి, చిన్నక్షరాల్లోకి జరిగింది.
పైన, నీలం మీద తెలుపు:
డిగ్రీ కళాశాల.
బరువెంతుంటుంది సార్, అనడిగితే
కరస్పాండెంటు గారు నవ్వేసి
"గాలికి ఊగకుండా చూడు సన్యాసీ" అన్నారు.

కమిటీ వస్తుందని షెడ్డుకి సున్నం వేశాం.
లేతు మిషన్లకి ఆకుపచ్చ రంగు.
గ్రైండరున్న మూల గ్రంథాలయమైంది.
మూడు ఆటోల్లో దిగిన పుస్తకాలు
ఇప్పటికీ తాళ్లు విప్పుకోలేదు.
కమిటీ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని
"మీ విద్యార్హత?" అన్నాడు.

చెప్పాను.
షిప్‌యార్డులో అప్రెంటిసు,
ఓడ అడుగు ట్యాంకుల్లో వెల్లకిలా పడుకుని తొమ్మిదేళ్లు,
మొహం మీద రాలే నిప్పుల కింద
రెప్ప వెయ్యకుండా పైకి చూడ్డం,
తర్వాత ఇక్కడ,
లెక్కపెట్టలేదు గానీ ఓ వెయ్యిమంది కుర్రాళ్లు.
ఆయన ఓపిగ్గా అంతా విని రాసుకున్నాడు.
బల్లకి ఇవతల్నించి తలకిందులుగా చదివాను:
పదో తరగతి.

చెప్పొద్దూ, మండింది.
ఆర్కు కొట్టిన కళ్లమీద
బంగాళదుంప ముక్కలు పెట్టుకుని
తెల్లార్లూ కూచున్నవాడికి తెలుస్తుంది
ఎలాంటి మంటో.

అడ్మిషన్ల రోజు
వరసలో మొదట లాలం గౌరీశ్వరి.
పదకొండేళ్ల కిందట నా దగ్గరే నేర్చింది,
బ్యాచి మొత్తానికీ ఒక్కతే ఆడపిల్ల.
నిలువు అతుకు వేస్తే
గోడ మీద చీమలబారు ఎక్కినట్టుండేది.
ఇప్పుడు సింధియా దగ్గర కాంట్రాక్టరు కింద.
ముంజేతుల నిండా రవ్వల మచ్చలు.

నీకిదేటమ్మా, అన్నాను.
కాయితం చూసి ఇనుము కరుగుతాదేటి?

ఫారం మీంచి తలెత్తలేదు.
"కరగదు మాస్టారూ.
మొన్న ముందు ప్లేటు నానే ఏసినాను.
ఎక్స్‌రేలో ఒక్క బుడగ నేదు.
పాసని సంతకం ఎట్టినోడు
హోల్డరు ఎలా పట్టుకోవాలో నన్నే అడిగినాడు.
అతుకు నాది. సంతకం ఆడిది.
మూడేళ్లు సాయంత్రం బస్సెక్కితే అయిపోద్ది గదా."

నా దగ్గర జవాబు లేదు.
చిప్పింగ్ సుత్తి ఎక్కడో పెట్టినట్టు
జేబులు తడుముకున్నాను.

అదే వరసలో
పెదగంట్యాడ కుర్రాడొకడు ఫిట్టరు ట్రేడు అడిగాడు.
ఈ ఏడు తీసేశాం, అన్నారు కౌంటర్లో.
ఫీజు కాయితం తిరగేసి మరగేసి చూసి
మెట్ల మీద కాసేపు కూచుని వెళ్లిపోయాడు.
అతని కోసం ఏ ఫారంలోనూ గడి లేదు.

కొత్తగా చేరిన నౌషాద్‌కి ఇరవై నాలుగేళ్లు.
పాఠం మధ్యలో తెరమీద ఓ బొమ్మ చూపించాడు:
తడి కడ్డీతో వేసిన అతుకు
మర్నాటికి ఎందుకు పగులుతుందో.
కడ్డీలు ఎండబెట్టాలని నాకెప్పుడో తెలుసు,
తన్ని మరీ నేర్పించాను.
ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు.
తడిలో హైడ్రోజనట.
ఇనుములో దూరి, నోరుమూసుకుని,
చల్లారేదాకా కాచుకుంటుందట.
తలుపు దగ్గర నిలబడి విన్నాను,
కుర్చీ వేస్తానంటే వద్దన్నాను.

చీకటి పడ్డాక నిచ్చెనెక్కి
చట్రానికి ఆఖరి మూల అతికాను.
షిప్‌యార్డు సైరను మోగింది.
చొక్కా జేబులో నాలుగు మడతల ఫారం,
నాలుగు రోజులుగా చెమటకి నానుతోంది.
పేరు రాశాను, బొల్లు సన్యాసిరావు,
వయసు యాభై మూడు.
మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.

అతుకు ఇంకా ఎర్రగానే ఉంది.
పైన స్లాగు కట్టింది.
చల్లారాలి.
పొద్దున్నే సుత్తితో కొట్టి చూస్తాను
లోపల పట్టిందో లేదో.